చిత్రకారుడు రాజా రవివర్మ

సౌందర్యమును కోరని మానవుడు లేడు. కొండకోనలలో నివసించువారు గింజలను, గవ్వలను గ్రుచ్చి కంఠమున ధరింతురు. సంపన్నులు ముత్యములను, పగడములను, బంగారమును కోరుదురు. దేశమును బట్టి, కాలమును బట్టి నగల తీరు, కట్టు తీరు మారుచుండును గాని, అలంకరించుకొనవలెనను అభిలాష మాత్రము మారలేదు. అమరావతి శిల్పములలోని స్త్రీల మేఖలలను, రామప్ప గుడి మదనికల కంఠహారములను, లేపాక్షి పైకప్పున చిత్రింపబడిన చీరల అంచులను చూచినవారికి ఈ సంగతి తెల్లము.

అయితే ఆ శిల్పములు దేవాలయముల యందును, చిత్తరువులు రాజమందిరముల యందును నుండిపోయినవి. వానిని చూడగోరువాడు అచటికి పోవలెను; పోయినను లోనికి ప్రవేశము అందఱికి నుండెడిది కాదు. అట్టి సౌందర్యమును కాగితముపై అచ్చొత్తించి, పల్లెటూరి పూరియింటి గోడపైకి చేర్చిన మహనీయుడు రాజా రవివర్మ. మన గ్రంథాలయములలోను, పాఠశాలలలోను పూజలందుకొను సరస్వతీదేవి పటములలో పెక్కింటికి మూలము ఆయన కుంచెయే. పెండ్లికూతురు చక్కగా ముస్తాబైనచో రవివర్మ బొమ్మవలె నున్నదని పెద్దలు మెచ్చుకొనుట పరిపాటి. ఆ పేరు వినని తెలుగువారు అరుదు. ఆ పేరుగల మనుష్యుని జీవితమును ఎఱిగినవారు మాత్రము కొలదిమంది. అందుచేత ఈ రజతోత్సవ సంచికలో ఆ జీవితమును పాఠకులకు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

జననము, బాల్యము

రవివర్మ 1848 వ సంవత్సరము ఏప్రిల్ 29 వ తేదీన కిళిమానూరు గ్రామమున జన్మించెను. ఈ గ్రామము నేటి కేరళ రాష్ట్రమున తిరువనంతపురమునకు ఉత్తరముగా నున్నది. నాడు తిరువాన్కూరు సంస్థానములోనిది. కిళిమానూరు వంశమువారు ఆ సంస్థాన ప్రభువులకు దగ్గఱి చుట్టములు. నాటి దేశాచారము ననుసరించి బిడ్డలు తల్లి యింటివారే యయ్యెడివారు. మేనమామయే వారి బాగోగులకు బాధ్యుడుగా నుండెడివాడు. తండ్రి నీలకంఠ భట్టతిరిపాదు సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబాబాయి కవయిత్రి. ఆమె రచించిన పార్వతీ స్వయంవరమను కృతిని ఆమె మరణానంతరము కుమారుడే అచ్చు వేయించెను.

బాలునికి అక్షరములకంటె ముందు బొమ్మలే పట్టువడెను. బొగ్గుముక్క చేత జిక్కినచో చాలును, గోడలపై పశుపక్ష్యాదులు వెలసెడివి. గోడలు పాడు చేసినందుకు ఏ బిడ్డకైనను చీవాట్లు తప్పవు. కాని మేనమామయైన రాజరాజవర్మ తానును చిత్రకారుడే. తంజావూరు పద్ధతిలో బొమ్మలు వ్రాయుట యెఱిగినవాడు. ఆయన ఆ గీతలను చూచి కోపించుటకు బదులు, వానిలోని ప్రతిభను గుర్తించి మేనల్లునికి తొలి గురువయ్యెను. ఆ మేనమామ నాడు బెత్తమందుకొనియున్నచో దేశమునకు ఒక చిత్రకారుడు దక్కకపోయెడివాడేమో!

చిత్రకళతోపాటు బాలునికి సంస్కృతమును, పురాణగాథలును అలవడెను. కథకళి యాటలలోని వేషములు, కిరీటములు, కనుబొమల కదలికలు, హస్తముద్రలు పసితనమునుండి అతని కన్నులయెదుట నుండినవి. ముందు ముందు ఆయన చిత్రించిన దమయంతి నిలుకడలోను, శకుంతల వెనుదిరిగి చూచు చూపులోను ఆ నాటకముల నీడ కానవచ్చును.

గురువు లేని విద్య

1862 వ సంవత్సరమున, పదునాలుగేండ్ల ప్రాయమున, మేనమామ రవివర్మను తిరువనంతపురమునకు గొనిపోయెను. నాటి ప్రభువు ఆయిల్యం తిరునాళ్ మహారాజు కళాభిమాని. బాలుని చిత్రములను చూచి సంతసించి, రాజధానిలో నుండి అభ్యాసము సాగించుటకు అనుజ్ఞ యొసంగెను. 1866 లో మావేలికర రాజకుటుంబమునకు చెందిన భాగీరథీబాయితో ఆయనకు వివాహమయ్యెను.

ఆ దినములలో తైలవర్ణ చిత్రణము మన దేశమునకు క్రొత్తది. ఆకుపసరులు, రంగుమన్నులు, రాళ్లు నూఱి జిగురులో కలిపి వ్రాయుట మనవారి పూర్వ పద్ధతి. అట్టి రంగు త్వరగా ఆఱిపోవును. నీడకును వెలుగునకును నడుమ మెల్లమెల్లగా కలిసిపోవు ఛాయలను దానితో సాధించుట కష్టము. నూనెలో కలిపిన రంగు దినముల తరబడి తడిగా నుండును. అందుచేత చెక్కిలి నునుపును, పట్టు మెఱుపును, ముత్యపు కాంతిని కంటికి కట్టినట్లు చూపవచ్చును. ఈ విద్యను అభ్యసింపవలెనని రవివర్మ ఉవ్విళ్లూరెను.

కాని నేర్పువారేరి? ఆస్థానమున రామస్వామి నాయుడను చిత్రకారుడు తైలవర్ణములలో నిపుణుడు. తన విద్య మఱియొకరికి పోయినచో తన స్థానము చెడునని శంకించి కాబోలు, ఆయన నేర్పుటకు నిరాకరించెను. ఆయన శిష్యుడైన ఆరుముఖం పిళ్ళె మాత్రము రహస్యముగా రవివర్మకు కొన్ని మెలకువలు తెలిపెను. 1868 లో థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు ప్రభువుల చిత్తరువులు వ్రాయుటకై తిరువనంతపురమునకు వచ్చెను. ఆయనయు పాఠము చెప్పుటకు సమ్మతింపలేదు. తాను పని చేయునపుడు నిలబడి చూచుటకు మాత్రము అనుమతించెను. రవివర్మకు అదియే చాలెను. పగలు చూచినదానిని తన గదిలో స్వయముగా వ్రాసి చూచుకొని, తప్పు దిద్దుకొని, మరల వ్రాసి, ఏండ్ల తరబడి శ్రమించి ఆ విద్యను వశపఱచుకొనెను. ద్రోణుడు కాదన్నను ఏకలవ్యుడు విలువిద్యను మానలేదు గదా!

విద్య దాచుకొనుట యెంతటి నష్టమో ఆయనకు అనుభవపూర్వకముగా తెలిసెను. తరువాతి కాలమున తన తమ్ముడైన సి. రాజరాజవర్మను తనతో సమానునిగా తీర్చిదిద్దుటయు, చెల్లెలు మంగళాబాయి చిత్రకారిణిగా పేరొందుటయు, కుమారుడు రామవర్మ బొంబాయి కళాశాలలో చిత్రకళ నభ్యసించుటయు గమనింపదగినవి.

కీర్తి

1870 లో రవివర్మ కొల్లూరు మూకాంబికాలయమునకు పోయి దేవిని సేవించి, చిత్రకళయే తన జీవితమార్గమని నిశ్చయించుకొనెను. తిరుగు ప్రయాణమున కోజికోడులో సబ్ జడ్జిగా నున్న కృష్ణమేనోను గారి కుటుంబమును చిత్రించి ప్రతిఫలము స్వీకరించెను. ఇది చిన్న సంగతి వలె కనబడును. కాని రాజబంధువులు చేతిపని చేసి సొమ్ము పుచ్చుకొనుట తలవంపుగా భావించు ఆ దినములలో, వృత్తికి గౌరవము తెచ్చినవాడు ఆయన. కళ రాజుల కాలక్షేపము గాక, మనుష్యుడు తలయెత్తుకొని జీవించుటకు తగిన వృత్తి యని ఆ చర్య చాటినది.

1873 లో మదరాసు చిత్రకళా ప్రదర్శనమునకు ఆయన ఒక చిత్రమును పంపెను. నాయరు స్త్రీ తన సిగను మల్లెపూవులతో అలంకరించుకొనుట అందలి విషయము. దానికి గవర్నరుగారి సువర్ణపతకము లభించెను. ఆ యేడే వియన్నా నగరపు అంతర్జాతీయ ప్రదర్శనమునందును ఆ చిత్రము బహుమానము పొందెను. అద్దము ముందు కూర్చుండి పూలు ముడుచుకొను స్త్రీని ప్రతి యింట ప్రతి యుదయమును చూచుచునే యుందుము. ఆ నిత్యకృత్యములో ఒక శోభ యున్నదని కనుగొన్నవాడు రవివర్మ.

మఱుసటి యేడు వాద్యము వాయించు తమిళ స్త్రీ చిత్రమునకు మదరాసులో మరల పతకము వచ్చెను. 1876 లో శకుంతల దుష్యంతునకు లేఖ వ్రాయు ఘట్టమును చిత్రింపగా, మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు దానిని కొనెను. పచ్చికపై మేను వాల్చి, తామరాకుపై నఖముతో లేఖ వ్రాయు ఆ కణ్వపుత్రిక పాశ్చాత్యులకును మన కాళిదాసును పరిచయము చేసినది.

ఏ చీర కట్టవలెను?

1880 లో ఆయిల్యం తిరునాళ్ మహారాజు గతించెను. తరువాతి ప్రభువు కాలమున కొలువులో రవివర్మకు మునుపటి ఆదరము లేకపోయెను. ఈ యిబ్బంది ఆయనకు మేలే చేసెను. తిరువాన్కూరు దాటి దేశమెల్ల ఆయనకు తెఱచుకొనెను. పూర్వము తిరువాన్కూరు దివానుగా నుండిన సర్ టి. మాధవరావుగారు అప్పుడు బరోడా సంస్థానమును నడుపుచుండిరి. వారి ఆహ్వానముపై 1881 లో రవివర్మ తమ్మునితో కూడ బరోడాకు పోయి శాయాజీరావు గైక్వాడు పట్టాభిషేక సమయమున చిత్తరువులు వ్రాసెను. 1885 లో మైసూరు మహారాజు ఆహ్వానించెను.

1888 లో బరోడా మహారాజు తన నూతన రాజభవనమునకై రామాయణ భారతాది గాథల నుండి పదునాలుగు చిత్రములు వ్రాయుమని కోరెను. ప్రతిఫలము 50,000 రూపాయలు. ఆ కాలమున అది మిక్కిలి పెద్ద మొత్తము. ఇచ్చటనే ఒక చిక్కు ప్రశ్న యెదురయ్యెను. దమయంతి ఏ విధముగా చీర కట్టెడిది? సుభద్ర ఏ నగలు ధరించెడిది? పురాణములలో మేఖల, నూపురము, కేయూరము అను పేర్లున్నవి గాని, వాని యాకారమెట్లుండునో, కట్టు ఎటువంటిదో చూచి వ్రాసికొనుటకు ఆధారమేది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు అన్నదమ్ములిద్దఱును ఉత్తర హిందూదేశమెల్ల పర్యటించిరి. దేశమంతటికి ఒక్కటియైన ప్రాచీన వేషము వారికి ఎచ్చటను కనబడలేదు. ఒకచోట లంగా, పైట. ఒకచోట కచ్చపోసి కట్టిన తొమ్మిది గజముల మరాఠీ చీర. ఒకచోట పైజామా, దుపట్టా. వారి స్వదేశమైన మలయాళమున తెల్లని ముండు, దానిపై ఉత్తరీయము. ప్రాచీన శిల్పములను చూతమన్న, అందు స్త్రీపురుషులు నడుమున సన్నని వస్త్రమును, మేన నగలును మాత్రమే ధరించియుందురు. వానిని ఉన్నవున్నట్లు చిత్రించినచో నాటి గృహస్థులు తమ యింట నుంచుకొనరు.

రవివర్మ తానే ఒక మార్గము నేర్పఱచుకొనెను. కుచ్చెళ్లు ముందు వైపునకు జాఱునట్లు కట్టి, పైట ఎడమ భుజముపై వేసి, రవిక తొడిగిన చీరకట్టును తన పురాణ స్త్రీలలో పెక్కుమందికి ఇచ్చెను. దక్కను ప్రాంతమునందును, మన ఆంధ్రదేశమునందును ఇట్టి కట్టు పరిచయమైనదే. చీరకు బనారసు జరీ అంచులు కూర్చెను. కంఠమున ముత్యాల పేటలు, చెవుల జూకాలు, ముంజేతుల గాజులు, దండలకు వంకీలు, నడుమునకు వడ్డాణము అమర్చెను. ఇవి ఏ యొక్క ప్రాంతమునకు చెందినవి కావు. అన్ని ప్రాంతముల వారును తమవే యనుకొనదగినవి. బెంగాలు దేశమున ఠాకూరు వంశపు కోడలైన జ్ఞానదానందినీదేవి, బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూచి, రవికతో కూడిన నూతన చీరకట్టును వ్యాప్తి చేసినదియు ఇంచుమించు ఈ తరముననే. స్త్రీలు ఇంటి గడప దాటి సభలకు, పాఠశాలలకు వచ్చుటకు ఆరంభించిన కాలమది. ఆ క్రొత్త కాలమునకు తగిన ఉడుపును ఒకరు ఇంటిలోను, ఒకరు చిత్రములోను సిద్ధపఱచిరి.

నగలను చిత్రించుటలో ఆయన నేర్పు అద్వితీయము. బంగారమును చూపుటకు ఆయన బంగారు రేకు అంటింపలేదు. తంజావూరు పటములలో అట్లు అంటించు ఆచారమున్నది. పసుపు మట్టిరంగుపై కపిలవర్ణపు నీడయు, వెలుగు సోకుచోట ఒక లేత చుక్కయు పెట్టినంతనే లోహము తళుక్కుమనును. ముత్యమునకు బూడిదవన్నె నీడ, ఒక తెల్లని బిందువు. దగ్గఱ నుండి చూచినచో అది రంగుచుక్క మాత్రమే. నాలుగడుగులు వెనుకకు జరిగినచో హారము.

మైసూరులో నున్న గాయనీమణుల బృందచిత్రము ఈ విషయమున చూడదగినది. అందు పదునొకండుగురు స్త్రీలు వేర్వేరు ప్రాంతముల వేషములతో కూడియున్నారు. తెల్లని వస్త్రములతో వీణ పట్టిన నాయరు స్త్రీ, మహమ్మదీయ స్త్రీ, మరాఠీ స్త్రీ, పార్సీ స్త్రీ ఒకేచోట బంధువుల వలె కూడియుండిరి. రాజకీయముగా దేశమొక్కటి కాకమునుపే ఆ కాన్వాసుపై ఒక్కటియయ్యెనని చెప్పవచ్చును.

పదునాలుగు చిత్రములు 1890 నాటికి పూర్తి యయ్యెను. నలదమయంతులు, శంతనుడు మత్స్యగంధ, విశ్వామిత్రుడు మేనక, సుభద్రార్జునులు వానిలోని విషయములు. వానిని ప్రజలు చూచుటకై ప్రదర్శింపగా జనులు తండోపతండములుగా వచ్చిరి. వాని ఫోటోలు విరివిగా అమ్ముడుపోయెను. 1893 లో చికాగో నగరపు ప్రపంచ ప్రదర్శనమునకు ఆయన పది చిత్రములు పంపగా రెండు పతకములు లభించెను. ఆ ప్రదర్శన సందర్భముననే ఆ నగరమున జరిగిన సర్వమత మహాసభలో స్వామి వివేకానందుడు ప్రసంగించెను.

ముద్రణాలయము

రాజభవనములలోని మూలచిత్రము ఒక్కరికే చెందును. చూడగోరువారు లక్షలు. చిత్రములను ఐరోపాకు పంపి అచ్చు వేయించినచో దేశమునకు మేలు చేసినవారగుదురని మాధవరావుగారు 1884 లోనే రవివర్మకు వ్రాసియుండిరి. పది సంవత్సరముల తరువాత, 1894 లో, రవివర్మ ఆ సలహాను తన మార్గమున నెఱవేర్చెను. ఐరోపాకు పంపుటకు బదులు జర్మనీ నుండి యంత్రములను, పనివారిని రప్పించి బొంబాయిలోనే ముద్రణాలయమును స్థాపించెను. తొలుత అచ్చయిన చిత్రము శకుంతలా జననము.

ఆ అచ్చుపద్ధతిని ఇచ్చట కొంత వివరింతుము. దానికి లితోగ్రాఫు, అనగా శిలాముద్రణమని పేరు. నునుపుగా సానపట్టిన సున్నపురాతి పలకపై జిడ్డుగల సిరాతో బొమ్మ గీయుదురు. పిమ్మట రాతిని నీటితో తడుపుదురు. జిడ్డుగల చోట నీరు నిలువదు. నీరు గల చోట రంగు అంటదు. కాన రంగు పూసిన రూళ్లకఱ్ఱను దొర్లించినచో బొమ్మ గల తావులకే రంగు పట్టును. దానిపై కాగితము నదిమినచో బొమ్మ దిగును. అయితే ఒక రాయి ఒక రంగునకే సరిపోవును. ఎన్ని రంగులు కావలయునో అన్ని రాళ్లు, అన్ని పర్యాయములు అదే కాగితమును అదుముట. ఒక్కమాఱు వెండ్రుకవాసి తప్పినను దేవి పెదవి రంగు చెక్కిలికి పాకును. కడపట నూనెచిత్రమును పోలిన మెఱుగు నిచ్చుటకు వార్నీషు పూయుదురు. ఇట్లు తయారైన వానినే ఓలియోగ్రాఫులని వ్యవహరించిరి.

లక్ష్మి, సరస్వతి పటములు ఈ విధముగానే దేశమెల్ల వ్యాపించెను. గులాబివన్నె చీరతో తామరపూవుపై నిలిచిన లక్ష్మి, తెల్లని చీరకు బంగారు అంచుతో వీణ పట్టి, చెంత నెమలి యుండగా శిలపై కూర్చున్న సరస్వతి, ఇంటి ఇల్లాండ్ర వలె కనబడిరి. దేవతలకు మానవ రూపమును, మానవ స్త్రీకి దేవతా గాంభీర్యమును ఒకేసారి కలిగినవి. కొందఱు గృహిణులు ఆ పటములపై నిజమైన గుడ్డను, జరీపోగులను, తళుకులను, పూసలను కుట్టి మఱింత అలంకరించెడివారు. అట్టి పటములు పాత యిండ్లలో నేటికిని కనబడుచున్నవి.

ఇంత ప్రజాదరణము లభించినను ముద్రణాలయము రవివర్మకు లాభము కూర్చలేదు. 1896 లో బొంబాయిలో ప్లేగు వ్యాధి ప్రబలి పనివారు చెదరిపోయిరి. యంత్రములను లోనావాలా సమీపమునకు తరలింపవలసివచ్చెను. అప్పులు పెరిగెను. వ్యాపారపు లెక్కలు చూచుకొనుటకు అన్నదమ్ములకు తీరిక లేదు, నేర్పును లేదు. తుదకు ముద్రణాలయమును, చిత్రములలో పెక్కింటి ముద్రణాధికారమును, అందు పనిచేయుచుండిన ష్లైషర్ అను జర్మను నిపుణునకే అమ్మివేసిరి. ఆయన చేతిలో అది లాభసాటిగా సాగెను. బొమ్మలు వేసిన చేయి నష్టపోయినది. కాని బొమ్మలు ఇండ్లకు చేరినవి.

తమ్ముడు

రవివర్మ జీవితమును చెప్పి రాజరాజవర్మను చెప్పకుండుట ధర్మము కాదు. అన్నకంటె పండ్రెండేండ్లు చిన్నవాడైన ఈ తమ్ముడు ప్రయాణములలో తోడు, లెక్కలలో మంత్రి, చిత్రశాలలో కుడిచేయి. ప్రకృతి దృశ్యములలో ఆయనది అందె వేసిన చేయి; పెక్కు చిత్రములలో మనుష్యుల వెనుకనున్న కొండలు, చెట్లు, ఆకాశము ఆయన పూనికయే. ఆయన వ్రాసిన దినచర్య వలననే ఈ సోదరుల పని తీరు మనకు తెలియుచున్నది. 1905 ప్రారంభమున ఆయన గతించెను. లక్ష్మణుని కోల్పోయిన రాముని వలె రవివర్మ క్రుంగిపోయెను.

విమర్శలు

రవివర్మను అందఱును పొగడలేదు. ఆయన కడపటి దినములలోను, మరణానంతరమును, కలకత్తాలో హావెలు, అవనీంద్రనాథ ఠాకూరు, ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత మొదలైనవారు ఆయన కళను తీవ్రముగా నిరసించిరి. ఆ చిత్రములలో దేవతలు నాటకపు పాత్రల వలె నున్నారనియు, పద్ధతి పాశ్చాత్యుల దనియు, అజంతా చిత్రములలోని ఆధ్యాత్మిక గాంభీర్యము వానిలో లేదనియు వారి వాదము. ఆ వాదము బలముగనే వ్యాపించెను. మన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారు చిత్రకళ నేర్పినదియు, అడివి బాపిరాజుగారు వారివద్ద శిష్యరికము చేసినదియు ఆ నూతన సంప్రదాయమునందే.

ఈ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. మఱియొక నష్టమును గూడ మనము ఒప్పుకొనవలెను. అచ్చు పటములు చవుకగా దొఱకినకొలదియు, పల్లెలలో చేతితో వ్రాసెడి బొమ్మలకు ఆదరము తగ్గినది. శ్రీకాళహస్తి కలంకారి వస్త్రములలోని సీత, తోలుబొమ్మలలోని సీత, నకాశీవారి పటములలోని సీత, వేర్వేరు మొగములు, వేర్వేరు కట్టులు గలవారు. నల్లని మేనితో, పెద్ద కన్నులతో నుండు గ్రామదేవతలకు వారి సొంత సొగసున్నది. దేశమంతటికి ఒకే తెల్లని మొగము, ఒకే చీర అలవాటైనపుడు ఈ వైవిధ్యము కొంత మఱుగుపడినది. అందమనగా ఇదియే యను భావము పాదుకొనుట ఏ కాలమునను క్షేమము కాదు.

అయినను రెండవ వైపును చూడవలెను. రవివర్మ పుట్టి పెరిగిన సీమలో కట్టు బట్ట కులమును బట్టి నిర్ణయమయ్యెడిది. నాడారు స్త్రీలు మేనిపై వస్త్రము కప్పుకొనుటకే ఏండ్ల తరబడి పోరాడవలసివచ్చెను. 1859 లో తిరువాన్కూరు ప్రభువు వారికి ఆ హక్కు నొసంగెను గాని, పై కులముల స్త్రీల పద్ధతిలో మాత్రము ధరింపరాదని నిబంధన పెట్టెను. అప్పటికి రవివర్మ పదునొకండేండ్ల బాలుడు. నగ ఎవరు పెట్టవలెను, చీర ఎవరు ఎట్లు కట్టవలెను అను విషయములకు ఆజ్ఞలు వెలువడిన దేశమున, లక్ష్మీదేవి చీరకట్టు అన్ని కులముల యిండ్లలో ఒకే విధముగా వెలయుట సామాన్యమైన మార్పు కాదు. గుడి వాకిలి దాటరాదని నిషేధింపబడినవాడును తన గుడిసెలో దేవిని నిలుపుకొని దీపము పెట్టగలిగెను. దానికి ఎవరి యనుజ్ఞయు అక్కఱలేకపోయెను.

చరమదశ

1901 లో రవివర్మ ఉదయపురమునకు పోయి రాణా ప్రతాపుని చిత్రించెను. 1904 లో ప్రభుత్వము ఆయనకు కైసర్-ఇ-హింద్ సువర్ణపతకమును బహూకరించెను. తమ్ముని మరణానంతరము ఒంటరియైనను, మధుమేహవ్యాధి బాధించుచున్నను, మైసూరు రాజభవనమునకై తలపెట్టిన పురాణ చిత్రములను కొనసాగించెను. 1906 అక్టోబరు 2 వ తేదీన, ఏబది యెనిమిదవ యేట, తాను జన్మించిన కిళిమానూరులోనే పరమపదించెను. బొగ్గుముక్కతో గీతలు గీసిన గోడల నీడనే ఆ జీవితము ముగిసెను.

అనంతర కథ

ఆయన చిత్రములు చలనచిత్రములకును దారి చూపినవి. 1913 లో హరిశ్చంద్ర చిత్రమును నిర్మించిన దాదాసాహెబు ఫాల్కే యౌవనమున రవివర్మ ముద్రణాలయమున పని చేసినవాడే. మన తెలుగు పౌరాణిక చిత్రములలోని కిరీటములు, భుజకీర్తులు, రాణుల చీరలు చూచినపుడు వాని పూర్వరూపము రవివర్మ పటములలో కానవచ్చును. పాత ముద్రణాలయము 1972 లో అగ్నికి ఆహుతియైనది. 1979 లో భారత ప్రభుత్వము ఆయన కృతులను జాతీయ కళానిధులుగా ప్రకటించి, వానిని విదేశములకు తరలింపరాదని నిషేధించినది. మూలచిత్రములను తిరువనంతపురము, మైసూరు, బరోడా నగరముల ప్రదర్శనశాలలలో చూడవచ్చును.

ఇంకొక్క విశేషము చెప్పి ముగింతుము. రవివర్మ మనుమరాండ్రు ఇద్దఱు 1900 లో తిరువాన్కూరు రాజవంశమునకు దత్తతగా పోయిరి. వారిలో ఒకరి కుమారుడైన చిత్తిర తిరునాళ్ మహారాజు 1936 నవంబరు 12 వ తేదీన తన సంస్థానములోని దేవాలయములను హిందువులలో అన్ని కులములవారికిని తెఱపించెను. గుడి తలుపులు మూసియున్న కాలమున దేవిని ఇంటింటికి పంపినవాడు ముత్తాత. ఆ తలుపులనే తెఱపించినవాడు మునిమనుమడు.

గ్రంథాలయమును స్థాపించిన వారి ఆశయమును ఇట్టిదే గదా. ఒకనాడు తాళపత్రములు పండితుల పెట్టెలలో నుండెను. అచ్చు వచ్చి, గ్రంథాలయములు వెలసి, అవి రైతు చేతికిని, కూలివాని చేతికిని చేరినవి. అక్షరమునకు గ్రంథాలయమెట్టిదో సౌందర్యమునకు రవివర్మ పటము అట్టిది. చదువరులు ఇకమీదట గోడపైనున్న సరస్వతీ పటమునకు నమస్కరించునపుడు, ఆ చీర అంచును, ఆ వీణ పట్టిన వ్రేళ్లను ఒక్కమాఱు తేఱిపాఱ జూతురు గాక. విద్య దాచుకొన్నవారి నడుమ విద్యను సాధించి, సాధించినదానిని దాచుకొనక అందఱికి పంచిన ఒక మనుష్యుని శ్రమ అందు కనబడును.